తొమ్మిది అర చుట్లు

చేయవలసిన పనులు:

ఒకటి. గేరుపెట్టెలో ఆయిల్ కాగేదాకా బండిని నాలుగు మైళ్ళు నడపడం.
రెండు. బానెట్ ఎత్తి, కార్బురేటర్ దగ్గరి నుంచి గేరుపెట్టెకు పోయే సన్నటి కడ్డీని శుభ్రంగా తుడవడం.
మూడు. కడ్డీ చివరి నట్టు వదులు చేసి, అర చుట్టు తిప్పి, మళ్ళీ బిగించడం. అర చుట్టే. ఎక్కువ వద్దు.
నాలుగు. చెంబు నిండా నీళ్ళు పట్టుకొని నేను వెనుక సీట్లో కూర్చోవడం.
ఐదు. పురానాపూల్ దాకా పోయి రావడం.
ఆరు. నా చీర తడిసిందో లేదో బాపు చూడడం.
ఏడు. బర్రెకు కుడితి పెట్టడం. ఇది అమ్మ రాయించింది.

1955 ఎండాకాలంలో నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్న పనులివి. అప్పుడే నేను బి.ఎస్సీ. ప్యాసై కిషన్‌బాగ్‌లో మా ఇంట్లో ఉన్నాను. బళ్ళో పంతులమ్మ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొని, జవాబు కోసం చూస్తున్నాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదలు. మా అమ్మ శారదమ్మ బర్రె పాలు అమ్మేది. మా బాపు ఈశ్వరయ్య హుసేనీ ఆలంలో ఉండే వామన్‌రావు వకీల్ సాబ్ దగ్గర డ్రైవరు.

అంతకుముందు బాపు ఒక జాగీర్దారు దేవిడీలో, అంటే వాళ్ళ పెద్ద బంగళాలో, పనిచేసేవాడు. జాగీర్లు పోయాక దేవిడీవాళ్ళు తమ అమెరికా బండిని వకీల్ సాబ్‌కు అమ్మారు. బండితో పాటు బాపు కూడా వచ్చాడు. ఎందుకంటే ఆ ఆకుపచ్చ బండికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. దాన్ని నడపగలిగినవాళ్ళు పాత షహర్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారు.

దేవిడీలో ఒక కట్టుబాటు ఉండేది. బండి లోపల పరిచిన కార్పెట్ మీద చెప్పులతో కాలు పెట్టడానికి డ్రైవర్‌కు వీల్లేదు. చెప్పులు బయటే విడిచి ఎక్కాలి. బాపుకు మొదట్లో అది అవమానంగా ఉండేదట. తర్వాత అలవాటైపోయింది. కొన్నేండ్లకు అదే ఆయన విద్య అయింది. దేవిడీ పోయినా, కార్పెట్ చిరిగినా బాపు ఉట్టి కాళ్ళతోనే బండి నడిపేవాడు.

"గేరు పడ్డది చెవికి తెలిస్తే వాడు డ్రైవర్. అరికాలికి తెలిస్తే ఉస్తాద్" అనేవాడు.

ఆ ఏడు ఏప్రిల్ ఆఖరున బండి కుదపడం మొదలుపెట్టింది. రెండో గేరు నుంచి మూడుకు పోయేటప్పుడు ఎవరో వెనుకనుంచి తోసినట్టు ఒక ఝట్కా. ఇంకొకప్పుడైతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కాని వకీల్ సాబ్ భార్య గోదమ్మకు అప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండు గర్భాలు నిలవలేదు. ప్రతి గురువారం జచ్చాఖానాకు, అంటే కాన్పుల దవాఖానకు, పోయి సూది వేయించుకోవాలి. దారిలో కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఒక గురువారం నేను పాలు ఇవ్వడానికి వాళ్ళింటికి పోయేసరికి వకీల్ సాబ్ అరుగు మీద నిలబడి ఉన్నారు. బాపు కింద చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఈశ్వరయ్యా, ఇదేం లొల్లి? ఆమె సీటు పట్టుకొని కూర్చున్నది, దారి పొడుగునా. ఇట్లయితే ఎట్లా?"

"నాలుగు రోజులు ఇయ్యండి సాబ్. బండి దోషం నేను తీస్త."

"తీయకపోతే నాకు వేరే దారి లేదు. బండి అమ్మేసి, మంచి టాంగా ఒకటి పెట్టుకుంటా. నీకు ఎక్కడైనా చెబుతాలే, గోడౌనులో వాచ్‌మన్ పని."

లోపలినుంచి వకీల్ సాబ్ తల్లి రంగనాయకమ్మ గారు అన్నారు. "టాంగా కుదపదట్రా? అదీ విడ్డూరమే. వాడి చేత బాగు చేయించు. ఈశ్వరయ్య చేతిలో బండి ఇన్నాళ్ళూ ఉయ్యాల లాగే ఉండె."

బాపు తల ఎత్తలేదు. వాచ్‌మన్ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఒకటే మాట అన్నాడు. "గోదమ్మను ఆ బిడ్డ పుట్టేదాక నేనే తీస్కపోవాలె, నీలమ్మా. నా చేతిలకెల్లి పోవద్దు."

బేగంబజార్‌లో రామ్‌చందర్ మిస్త్రీ అని బాపు దోస్తు ఉండేవాడు. లారీలు విప్పి కట్టేవాడు. బాపు బండి తీసుకుపోతే బానెట్ ఎత్తి, చూసి, మళ్ళీ దించాడు.

"గేరుకర్ర లేని బండికి మిస్త్రీ ఎందుకు భాయ్? మంత్రగాడు గావాలె. నిమ్మకాయ కట్టు."

"నీకు చేతగాదని చెప్పరాదు?"

"చేతగాదనే చెప్తున్న. ఇజ్జత్ తోని చెప్తున్న."

దాంతో బాపు ఇంటికొచ్చి, బండి సీటు కింద గుడ్డలో చుట్టి ఉన్న ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. బండితో పాటు అమెరికా నుంచి వచ్చిన పుస్తకం. ఇంగ్లీషు. దేవిడీలో ఎవరూ దాన్ని తెరిచినట్టు లేదు. పేజీలు అంటుకొని ఉన్నాయి.

"నువ్వు చదువు. నేను చేస్త. కాలేజీల గిది చెప్పిన్రా?"

"కప్పను కోయడం చెప్పిన్రు బాపు."

"గిది గంతకన్న అల్కగ ఉంటది."

కోర్టుకు ఎండాకాలం సెలవులు. గురువారం తప్ప వకీల్ సాబ్‌కు బండితో పని లేదు. అందుకే బండి మా వాకిట్లోకి వచ్చింది. వాకిలి చిన్నది, బండి పెద్దది. బర్రెను గోడకు కట్టేయాల్సి వచ్చింది. "అల్లుడు దిగినట్టు దిగింది, బర్రెకు జాగ లేదు" అని అమ్మ గొణిగింది.

నేను చదివి అర్థం చేసుకున్నది ఇది. డ్రైవర్ కాలు ఎంత నొక్కుతున్నదో ఆ సన్నటి కడ్డీ గేరుపెట్టెకు చెబుతుంది. కాలు మెత్తగా ఉంటే గేరు ముందుగా, మెత్తగా మారుతుంది. కాలు గట్టిగా పడితే ఆలస్యంగా, బలంగా మారుతుంది. కడ్డీ పొడవు తేడా వస్తే గేరుపెట్టెకు తప్పుడు కబురు అందుతుంది. అప్పుడు ఝట్కా వస్తుంది. అర చుట్టు తిప్పాలి, నడిపి చూడాలి, మళ్ళీ అర చుట్టు తిప్పాలి. ఇదంతా తెలుగులో రాసి బాపుకు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకొని, పురాణం విన్నట్టు విన్నాడు.

చెంబు ఆలోచన బాపుదే. "నువ్వు గోదమ్మవు అనుకో. చెంబు కడుపుల బిడ్డ అనుకో" అన్నాడు. తెల్లారి, ఎడ్లబండ్లు రోడ్డెక్కకముందే బయలుదేరేవాళ్ళం. మొదటి రోజు నా చీర మోకాళ్ళదాకా తడిసింది. బాపు వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికొచ్చి అర చుట్టు తిప్పాము. మర్నాడు ఇంకో అర చుట్టు. రోజూ తేదీ వేసి రాసేదాన్ని. కొంచెం తగ్గింది. మళ్ళీ నాలుగు రోజులకు ఎక్కువైంది. ఇంకో అర చుట్టు.

నాలుగు అర చుట్లు అయినాక నేను ఆగి పుస్తకం మళ్ళీ చూశాను. అందులో ఒక వాక్యం ఉంది. ఇంతకు మించి తిప్పవలసి వస్తే లోపం కడ్డీలో లేదు, వేరేచోట వెతకండి అని. బాపుకు చదివాను.

"వేరేచోట అంటే?"

"గేరుపెట్టె కింద బిగింపు స్క్రూలున్నయి బాపు. ఇంజన్ కింద రబ్బరు దిమ్మెలున్నయి. ఆయిల్ పాతదైనా గిట్లనే కొడ్తదట."

అన్నీ చూశాము. బండి కిందకు దూరి స్క్రూలు చూశాము. ఆయిల్ మార్చాము. రబ్బరు దిమ్మెలు గట్టిగానే ఉన్నాయి. వారం రోజులు నా జడకు ఆయిల్ వాసన పోలేదు. ఎక్కడా ఏ లోపం దొరకలేదు. మళ్ళీ కడ్డీ దగ్గరికే వచ్చాము.

ఆ రోజుల్లో మా ఇంట్లో జరిగిన చిన్న చిన్న సంగతులు కొన్ని ఇక్కడ చెప్పాలి. అప్పుడు అవి సంగతులుగా తోచలేదు. బాపు నీళ్ళు ఎక్కువగా తాగేవాడు. ఎండలు గట్లున్నయి అనుకున్నాం. పెరట్లో మూత్రానికి కూర్చునే చోట చీమలు బారులు కట్టేవి. "ఏం చీమలో ఏమో, బూడిద చల్లినా పోతలేవు" అని అమ్మ రోజూ తిట్టుకునేది. మే నెల మధ్యాహ్నం మా వాకిట్లో బండలు కాలి పెనంలా ఉంటే నేనూ అమ్మా గెంతుకుంటూ దాటేవాళ్ళం. బాపు తాపీగా నడిచేవాడు. "డ్రైవర్ కాలు, రాయి కాలు" అని అమ్మ మురిసిపోయేది. ఒక రోజు బాపు బజారునుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడ జారిందో ఆయనకు తెలియదు. ముగ్గురం కడుపు పట్టుకొని నవ్వాము. "తల భుజాల మీదనే ఉందా, చూస్కో" అని అమ్మ అంటే బాపు తల తడిమి చూసుకున్నాడు. మళ్ళీ నవ్వాము.

నేను బి.ఎస్సీ. చదివాను. జీవశాస్త్రం చదివాను. ఆ రోజు నేనూ నవ్వాను.

జూన్‌లో ఏడో అర చుట్టు తిప్పినాక నీళ్ళు చుక్కలుగా మాత్రమే ఒలికాయి. తొమ్మిదో అర చుట్టుకు పురానాపూల్ దాకా పోయి వచ్చినా ఒక్క చుక్క ఒలకలేదు. బాపు బండి ఆపి, దిగి, వెనుక తలుపు తీసి నా చీర కుచ్చిళ్ళు చూశాడు. పొడిగా ఉన్నాయి. చెంబు నా చేతిలోనుంచి తీసుకొని గటగటా తాగేశాడు.

"మన బిడ్డ చదువు గెలిచిందే!" అని వాకిట్లోనుంచే అమ్మకు కేకేశాడు. అమ్మ ఆ పూట బెల్లం పరమాన్నం వండింది. బాపు రెండు గిన్నెలు తిన్నాడు.

ఆ తర్వాతి రెండు గురువారాలు గోదమ్మ కళ్ళు మూసుకొని నిద్రపోయిందట జచ్చాఖానా దాకా. వకీల్ సాబ్ బాపు భుజం తట్టారు. టాంగా మాట మళ్ళీ రాలేదు.

గోదమ్మకు ఏడో నెల వచ్చింది. సీమంతం పెట్టుకున్నారు. గాజులు తన కళ్ళతో చూసి కొనుక్కుంటానని ఆమె పట్టుబట్టింది. ఆరు నెలలుగా ఇల్లూ జచ్చాఖానా తప్ప వేరే లోకం చూడని మనిషి. రంగనాయకమ్మ గారు ఒప్పుకొని, తోడుకు నన్నూ రమ్మన్నారు. "బండి బాగు చేసిన డాక్టరమ్మవు నువ్వే కదా, ఎక్కు" అన్నారు.

తొలకరి జల్లు పడి వెలిసిన సాయంత్రం లాడ్ బజార్ పోయాము. బాపు బండిని దుకాణం మెట్ల దాకా తీసుకుపోయి ఆపాడు. సీటు కింద పెట్టుకున్న చెప్పులు వేసుకునే ఓపిక పట్టలేదు. ఉట్టి కాళ్ళతోనే గబగబా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, గోదమ్మ వైపు తలుపు తీశాడు. మెట్ల పక్కన విరిగిన గాజుముక్కలు ఊడ్చి కుప్ప పోసి ఉన్నాయి, ఎరుపూ ఆకుపచ్చా.

"జాగ్రత్తమ్మా, గాజుపెంకులున్నై. గిటు దిగుండ్రి, గిటు" అని ఆమెకు దారి చూపించాడు. ఆమెకు అడ్డంగా తను నిలబడ్డాడు.

గోదమ్మ రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు తీసుకుంది. నాకూ ఒక జత ఇప్పించింది. వచ్చేటప్పుడు బండి నీళ్ళ మీద పడవలా వచ్చింది. ఇంటి ముందు బాపు దిగి, ఆమెను చెయ్యి పట్టి కాకుండా, పక్కన చెయ్యి చాపి నడుస్తూ, అరుగు మీదిదాకా పోయి దించి వచ్చాడు.

నేను గాజుల పెట్టె పట్టుకొని వెనుక నడుస్తున్నాను. అరుగు షాబాద్ బండల మీద అడుగులు కనిపించాయి. ఎడమ అడుగు లేదు. కుడి అడుగే. ఒకటి, ఒకటి, ఒకటి. ఎర్రగా.

"బాపు, నీ కాలు."

"ఏంది?"

"కాలు చూడు."

బాపు కిందికి చూశాడు. "నీళ్ళల్ల కాలు పెట్టినట్టున్న" అన్నాడు. తర్వాత మళ్ళీ చూశాడు.

మెట్టు మీద కూర్చోబెట్టి ఆయన కుడికాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. బుద్ధి తెలిసినాక ఆ కాలిని నేను ముట్టుకోవడం పండగలకు దండం పెట్టేటప్పుడే. అరికాలిలో ఆకుపచ్చ గాజుపెంకు నిలువునా దిగి ఉంది. దాని పక్కనే, బొటనవేలి కింద, ఎప్పటిదో ఇంకో పుండు. చుట్టూ చర్మం నల్లబడింది. యాక్సిలరేటర్ మీద ఆనే చోటు అది.

పెంకును గోళ్ళతో పట్టి లాగాను. అంగుళం పొడుగుంది. బాపు మొహం చూస్తూనే లాగాను. ఆయన వీధిలోకి చూస్తున్నాడు.

కాసేపటికి అడిగాడు. "తీస్తవా మరి?"

నేను పెంకును అరచేతిలో పెట్టి చూపించాను.

బాపు దాన్ని చూశాడు. తన కాలిని చూశాడు. వాకిట్లో నిలబడ్డ బండి వైపు చూశాడు. చాలాసేపు బండినే చూశాడు. ఆయనకు నా అంత చదువు లేదు. కాని అర్థం కావడానికి నాకెంతసేపు పట్టిందో ఆయనకూ అంతే పట్టింది.

"వకీల్ సాబ్‌కు చెప్పకు బిడ్డా" అన్నాడు మెల్లగా. "రెండు నెలలే గదా. రెండు నెలలు నడుపుత. అరికాలు గాకుంటే చెవులున్నయి."

అప్పుడే వకీల్ సాబ్ లోపలినుంచి బయటికి వచ్చారు. "ఏమైంది నీలమ్మా? బండి మళ్ళీ ఏమన్నా?" అని అడిగారు.

"బండి మంచిగనే ఉన్నది సాబ్" అన్నాను. "బండికి ఎప్పుడూ ఏం కాలేదు. మా బాపు కాలికి స్పర్శ లేదు. ఎంత నొక్కుతున్నడో ఆయనకు తెలుస్తలేదు."

వకీల్ సాబ్ బాపు వైపు చూశారు. బాపు లేచి, తలపాగా సర్దుకొని, జేబులోనుంచి తాళంచెవి తీసి అరుగు అంచు మీద పెట్టాడు.

"నా బిడ్డ చదువుకున్నది సాబ్. అబద్ధం చెప్పది" అన్నాడు.

కాలికి గుడ్డ కట్టుకొని, చెప్పులు వేసుకొని కిషన్‌బాగ్‌కు బయలుదేరాము. రిక్షా పిలుస్తానంటే వద్దన్నాడు. ముందు ఆయన, వెనుక నేను. బహదూర్‌పురా దాటినాక కుడి చెప్పు జారిపోయింది. ఆయన నడుస్తూనే ఉన్నాడు. చెప్పు తీసుకొని పరుగెత్తి ఆయన ముందు వంగి తొడిగాను. "ఊడిందా?" అన్నాడు. ఇల్లు చేరేలోపల మూడుసార్లు తొడిగాను. తర్వాత నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

పెద్ద దవాఖానలో చక్కెర జబ్బు అన్నారు. చాలా ఏండ్లనుంచి ఉందన్నారు. పుండు ఎన్నాళ్ళనుంచి ఉందని డాక్టరు అడిగితే బాపు నా వైపు చూశాడు, నోటుబుక్కులో ఉంటుందేమో అన్నట్టు. నా నోటుబుక్కులో నట్టు ఏ రోజు ఎంత తిప్పామో ఉంది. ఆయిల్ ఏ రంగులో ఉందో ఉంది. బండి కింద ప్రతి స్క్రూ పేరు ఉంది. రెండు నెలలు ఆయన ఉట్టి కాళ్ళ పక్కనే కూర్చొని ఆ నోటుబుక్కు రాశాను.

మొదట వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి కింది దాకా. వాన కురుస్తూనే ఉంది.

బాపు వార్డులో ఉండగా రామ్‌చందర్ మిస్త్రీ దేవులాడుకుంటూ వచ్చాడు. గోదమ్మను తీసుకుపోయే పని వకీల్ సాబ్ అతనికి అప్పగించారు. మంచం పక్కన నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"భాయ్, ఆ బండి నా మాట వింటలేదు. కాలు మోపకముందే గేరు మారుతున్నది. ఇంజన్ ఊకె అరుస్తది, బండి ముందుకు పోదు. గోదమ్మ భయపడుతున్నది. నీకు ఉయ్యాల, నాకు మొండి ఎద్దు."

బాపు కళ్ళు మూసుకొని విన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. గాజుపెంకు తీసిన సాయంత్రం తర్వాత ఆ రోజుదాకా నన్ను పేరుపెట్టి పిలవలేదు.

"నీలా, రాడ్ వెనక్కి తిప్పు."

"ఎన్ని బాపు?"

"తొమ్మిదీ తిప్పు. అది నా కాలి కోసం పెట్టింది. వీనికి కాలు ఉన్నది."

మర్నాడు బండిని మా వాకిట్లోకి తెప్పించాను. అమ్మ గొడుగు పట్టుకొని నిలబడింది. నట్టు వదులు చేసి ఒక్కో అర చుట్టూ వెనక్కి తిప్పాను. మొదటిది ఏ రోజు తిప్పామో గుర్తుంది, చీర మోకాళ్ళదాకా తడిసిన రోజు. అయిదోది చెప్పు జారిపోయిన వారం. తొమ్మిదోది పరమాన్నం రోజు. ఏ డాక్టరూ చెప్పలేకపోయిన లెక్క ఆ కడ్డీ చుట్ల మీద ఉంది, ఆయన కాలు ఎప్పుడెంత పోయిందో. తిప్పుతూ పోతే కడ్డీ అమెరికానుంచి వచ్చినప్పటి పొడవుకు వచ్చేసింది. నట్టు బిగించాను.

చెంబుతో వెనుక కూర్చున్నాను. రామ్‌చందర్ చెప్పులు వేసుకునే ఎక్కబోయి, ఆగి, ఏమనుకున్నాడో, విడిచి ఎక్కాడు. పురానాపూల్ దాకా పోయి వచ్చాము. చుక్క ఒలకలేదు. అట్లాగే దవాఖానకు పోయాను.

"చీర తడిసిందా?" బాపు అడిగాడు.

"తడవలేదు బాపు."

ఆయన నమ్మలేదు. చెయ్యి చాపి నా చీర కుచ్చిళ్ళు పట్టుకొని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పొడిగానే ఉన్నాయి. చేతివేళ్ళకు ఇంకా తెలుస్తున్నట్టుంది. "సరే మరి" అని చెయ్యి తీశాడు. "నువ్వు చెప్పింది మంచిదే అయింది బిడ్డా. నేను కోపం చేసిన."

కాలి విషం పైకెక్కి, నాలుగో రోజు బాపు పోయాడు. గోదమ్మకు సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు రామ్‌చందర్ బండిని మా వాకిలి ముందు ఒక నిమిషం ఆపి, అమ్మకు చూపించి తీసుకుపోయాడు. ఆ పిల్ల నిద్ర లేవలేదు.

నేను తర్వాత ముప్ఫై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. మా బాపు గురించి ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను కాబట్టి, చదివినవాళ్ళను ఒకటి అడుగుతాను. ఎప్పుడైనా మోటారులో వెనుక కూర్చొని, ఒక్క కుదుపు కూడా తెలియకుండా ఇల్లు చేరితే, దిగేముందు ఆ నడిపినవాడి కాళ్ళవైపు ఒకసారి చూడండి. నేను చూడలేదు. చూసినప్పుడు మా బాపును తలుచుకోండి. ఆయన పేరు ఈశ్వరయ్య, కిషన్‌బాగ్. ఉట్టి కాళ్ళతో నడిపేవాడు.